శరీరం దేన్ని తయారు చేసుకోలేదు, దేన్ని దాచుకోలేదు

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. పోషకాల పట్టికలు చూసి చూసి, ఏది ఎన్ని గ్రాములు తినాలో లెక్క తేలక విసిగిపోయామన్నారు. ఈ తలనొప్పి లేకుండా ఇంట్లో అందరూ రోజుకొక మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. చివర్లో, అదేదో చిన్న విషయమన్నట్టు, మీ అమ్మగారికి 63 ఏళ్ళనీ, గుడ్డు కూడా ముట్టరనీ, కొన్ని నెలలుగా పాదాల్లో తిమ్మిర్లు వస్తున్నాయనీ రాశారు. నా దృష్టిలో మీరు రాసినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. అది సరిగ్గా అర్థం కావాలంటే ముందు మరికొంత చెప్పాలి.

ఆసుపత్రిలో ఆహార సలహాదారుగా 22 ఏళ్ళు పని చేశాను. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామందికి పోషకాల పేర్లు బాగానే తెలుసు. వాటిలో ఏది తొందరపెడుతుందో, ఏది ఓపిక పడుతుందో మాత్రం తెలియదు. అందుకే పట్టిక పక్కన పెట్టి, ఒక్కో పోషకం గురించి రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. దీన్ని శరీరం తనంతట తాను తయారు చేసుకోగలదా? దీన్ని దాచుకోగలదా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే, ఏది రోజూ కంచంలో ఉండాలో, ఏది నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదో, ఏది మితిమీరితే ప్రమాదమో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఇంధనం సంగతి చూద్దాం. మనకు శక్తినిచ్చే పోషకాలు మూడే: పిండిపదార్థాలు, మాంసకృత్తులు (ప్రొటీన్లు), కొవ్వులు. మొదటి రెండూ గ్రాముకు సుమారు 4 కిలోక్యాలరీలు ఇస్తాయి, కొవ్వు 9 ఇస్తుంది. విటమిన్లు, ఖనిజాలు ఒక్క క్యాలరీ కూడా ఇవ్వవు. “నీరసంగా ఉంది, బలానికి విటమిన్ మాత్ర రాయండి” అని అడిగినవాళ్ళకు నేను మొదట చెప్పే సంగతి ఇదే. తిన్న ఇంధనాన్ని మండించే పనిలో విటమిన్లు సాయపడతాయి, అంతే. పొయ్యిలో కట్టెలు లేనప్పుడు అగ్గిపుల్లలు ఎన్ని గీసినా అన్నం ఉడకదు.

పిండిపదార్థాన్ని శరీరం గ్లూకోజుగా విడగొట్టి వాడుకుంటుంది. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చు చేస్తుంది. దాచుకునే చోటు మాత్రం చిన్నది. పెద్దవాళ్ళ కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కండరాల్లోది కండరాలకే పరిమితం. రక్తంలోకి వచ్చి మెదడుకు అందేది కాలేయంలోని నిల్వే. రాత్రి భోజనం తరువాత తెల్లవారేసరికి అందులో చాలా భాగం కరిగిపోతుంది. అవసరం పడితే శరీరం ప్రొటీన్ల నుంచి కూడా గ్లూకోజు తయారు చేసుకోగలదు కాబట్టి, పిండిపదార్థం లేకపోతే వెంటనే ప్రాణం మీదికి రాదు. ఆ తయారీకి కండరాలు మూల్యం చెల్లించాలి, అదే ఇబ్బంది.

పిండిపదార్థం మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు ఎప్పుడూ అర్థం లేనిదిగానే అనిపిస్తుంది. అది దేనితో కలిసి వస్తోందో చూడాలి. పొట్టుతో ఉన్న ధాన్యంలో, పప్పుల్లో, పండులో అది పీచుతో, బి విటమిన్లతో, ఖనిజాలతో కలిసి వస్తుంది. చక్కెరలో ఒంటరిగా వస్తుంది. పీచును మనం అరిగించుకోలేం కానీ పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి, పేగు గోడలోని కణాలకు ఆహారమయ్యే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దవాళ్ళు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విడిగా కలిపిన చక్కెరల నుంచి వచ్చే శక్తి మొత్తంలో పదో వంతుకు మించకూడదని కూడా చెబుతోంది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినేవారికి అది 50 గ్రాములు. పండ్ల రసాన్ని కూడా ఈ లెక్కలోనే వేయాలి. పండు తినడం, పండు పిండుకుని తాగడం శరీరానికి ఒకటి కావు.

కొవ్వు విషయంలో రెండు ప్రశ్నలకూ జవాబు “అవును” అనే అనిపిస్తుంది. శరీరం పిండిపదార్థం నుంచి కొవ్వు తయారు చేసుకుంటుంది, దాచుకోవడానికైతే హద్దే లేదు. కానీ లినోలీక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను అది తయారు చేసుకోలేదు. ఆహారంలో కొవ్వు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకల చర్మం పొలుసులుగా ఊడటం, ఎదుగుదల ఆగిపోవడం గమనించి, కొన్ని కొవ్వులు తప్పనిసరి అని 1929లో బర్ దంపతులు చూపించారు. మొదటిది చాలా వంట నూనెల్లో దొరుకుతుంది. రెండోదే మనం మరిచిపోతుంటాం. అవిసె గింజలు, అక్రోట్లు, సోయా నూనె, ఆవనూనె దానికి ఆధారం. అదే కుటుంబానికి చెందిన మరో రెండు ఆమ్లాలు కొవ్వు ఎక్కువగా ఉండే చేపల్లో నేరుగా దొరుకుతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు పేగుల నుంచి రక్తంలోకి చేరాలంటే కూడా కొవ్వు కావాలి. బరువు తగ్గాలని చుక్క నూనె లేకుండా క్యారెట్లు, ఆకుకూరలు తినేవారు వాటిలోని పోషకంలో చాలా భాగాన్ని పోగొట్టుకుంటున్నారు.

ప్రొటీన్ దగ్గర కొంచెంసేపు ఆగాలి. అపోహలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే, నిజమైన లోటు ఉన్నదీ ఇక్కడే.

శరీరంలో ప్రొటీన్‌కు గోదాము లేదు. మన ఒంట్లో ఉన్న ప్రతి ప్రొటీనూ ఏదో ఒక పనిలో ఉంది. కండరంగా, ఎంజైముగా, రోగాలతో పోరాడే ప్రతిరక్షకంగా, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌గా అది కొలువులో ఉంటుంది. ఆహారంలో తక్కువైతే శరీరం పనిలో ఉన్నవాటినే విరగ్గొట్టి వాడుకుంటుంది, ముందుగా కండరాలను. ప్రొటీన్లన్నీ 20 రకాల ఆమైనో ఆమ్లాలతో అల్లినవి. వాటిలో 9 ఆహారం నుంచే రావాలి. పాత ముద్రణాలయాల్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి పుటను కూర్చేవారు. “ల” అక్షరాలు అయిపోతే, మిగతా అక్షరాలు గంపలకొద్దీ ఉన్నా ఆ పుట ముందుకు సాగదు. ధాన్యాల్లో లైసీన్ అనే ఆమ్లం తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. ఒకే ముద్దలో కలవాలని లేదు, ఒకే రోజులో కలిస్తే చాలు.

ఎంత కావాలి? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ప్రతి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతుంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 100 గ్రాముల పచ్చి పప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది, ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 6 నుంచి 7. ధాన్యంలో కూడా ప్రొటీన్ ఉంటుందని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 7, గోధుమ పిండిలో 11 నుంచి 12 గ్రాములు ఉంటుంది. రోజుకు పావుకిలో ధాన్యం, 60 గ్రాముల పప్పు, రెండు గ్లాసుల పాలు తీసుకునేవారు పొడి డబ్బా జోలికి పోకుండానే ఆ 50కి చేరువవుతారు. అయితే పప్పు అంటే గరిటెడు నీళ్ళలో తేలే నాలుగు బద్దలు కాదు. నేను ఇళ్ళలో తూకం వేయించినప్పుడు మనిషికి 60 గ్రాములని చెప్పినవారిలో చాలామందికి వాస్తవంగా అందులో సగం కూడా అందడం లేదని తేలేది.

ఇంకొక సంగతి. మొత్తం తిండే చాలనప్పుడు శరీరం తిన్న ప్రొటీన్‌ను కూడా ఇంధనంగా కాల్చేస్తుంది. కట్టెలు లేవని ఇంటి దూలాలు పొయ్యిలో పెట్టడం లాంటిది అది. అన్నం బాగా తగ్గించి ప్రొటీన్ పొడి తాగే కుర్రవాళ్ళకు ఇది పదేపదే చెప్పాల్సి వచ్చేది. వయసు మళ్ళినవారి సంగతి వేరు. తిన్న ప్రొటీన్‌తో కండరం కట్టుకునే శక్తి వాళ్ళలో తగ్గుతుంది కాబట్టి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఇవ్వడం మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్కను వైద్యుణ్ణి అడిగే వేసుకోవాలి. ఆకలి తగ్గి, నమలడం కష్టమై, పెద్దవాళ్ళు మొదట వదిలేసేవి పప్పులు, గింజలే. అమ్మగారి కంచం ఒకసారి గమనించండి.

ఇక విటమిన్లు. మొత్తం 13. వీటిలో చాలావాటి సంగతి మనకు తెలిసింది జబ్బుల ద్వారానే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీతో చిగుళ్ళు ఉబ్బి, ఒళ్ళంతా నీరసించిన 12 మంది నావికులను ఇద్దరేసి చొప్పున విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో రకం మందు ఇచ్చి చూశాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరే వారం తిరగకుండా కోలుకున్నారు. అయినా బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. మేకలు, కుక్కలు సి విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనుషులకు, కోతులకు ఆ శక్తి లేదు. ఎక్కువ కాలం నిల్వ కూడా ఉండదు. ఒకటి నుంచి మూడు నెలలు పూర్తిగా లేకపోతే లక్షణాలు మొదలవుతాయి. పైగా అది నీటిలో కరుగుతుంది, వేడికి పాడవుతుంది. కూరగాయలు తరిగాక కడగడం, ఉడికించిన నీళ్ళు పారబోయడం వల్ల మొదట పోయేవి ఇదీ, ఫోలేట్ అనే బి విటమినూ.

కాళ్ళు చచ్చుబడే బెరిబెరి అనే జబ్బు కథ నాకు మరీ ఇష్టం. 1890లలో జావా ద్వీపంలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోతున్నాయనీ, తవుడు పెడితే తేరుకుంటున్నాయనీ గమనించాడు. తెల్లబియ్యంలో ఏదో విషం ఉందనీ, తవుడు దానికి విరుగుడనీ మొదట అనుకున్నాడు. అతని తరువాత ఆ పని కొనసాగించిన గ్రెయిన్స్ 1901లో దాన్ని సరిగ్గా తిప్పి చెప్పాడు: బియ్యంలో విషమేమీ లేదు, తవుడుతో పాటు పోయిన పదార్థం లేకపోవడమే జబ్బు. ఉన్నదాని వల్ల మాత్రమే కాక, లేనిదాని వల్ల కూడా మనిషి జబ్బు పడతాడన్న ఆలోచన వైద్యానికి అప్పటికి కొత్త. ఆ పదార్థం థయామిన్, అంటే బి1. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు.

నీటిలో కరిగే సి, బి విటమిన్లు తరచుగా అందాలి. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విషయం వేరు. ముఖ్యంగా ఎ విటమిన్‌ను కాలేయం నెలల తరబడి దాచుకుంటుంది. అందుకే దానికి రోజువారీ కంగారు అక్కర్లేదు, అందుకే అది మోతాదు మించితే పేరుకుపోయి హాని కూడా చేస్తుంది. గర్భిణులు ఎ విటమిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడితే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. డి విటమిన్‌ను చర్మం ఎండలో తానే తయారు చేసుకుంటుంది. ఆహారంలో అది దొరికేది బహు కొద్ది చోట్లే. నీటిలో కరిగేవాటిలో ఒక్క బి12 మాత్రం ఈ నియమాలకు లొంగదు. దాన్ని కాలేయం ఏళ్ళ తరబడి దాచుకుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, అమ్మగారి దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఖనిజాలు మూలకాలు కాబట్టి వేటినీ శరీరం తయారు చేసుకోలేదు. వాటి నిల్వల తీరు మాత్రం ఒక్కోదానిది ఒక్కో రకం. పెద్దవాళ్ళ ఒంట్లో కిలోకు అటూఇటూగా కాల్షియం ఉంటుంది, అందులో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే. రక్తంలో కాల్షియం కాస్త తగ్గినా గుండె, నరాలు ఓర్చుకోలేవు కాబట్టి శరీరం వెంటనే ఎముకల నుంచి తీసి సర్దుతుంది. అందుకే రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా ఉన్నంత మాత్రాన ఎముకలు గట్టిగా ఉన్నాయని అనుకోకూడదు. అయోడిన్ రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. 70 ఏళ్ళ జీవితానికి మొత్తం లెక్క కట్టినా నాలుగు గ్రాములు దాటదు. ఆ పిసరంత కరువైతేనే గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాస్తుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అయోడిన్ కలిపిన ఉప్పు ఈ చింత తీర్చింది. అలాగని ఉప్పు పెంచకండి. అన్ని రూపాల్లో కలిపి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి.

ఇనుము గురించి ఒక అనుభవం చెబుతాను. రక్తహీనతతో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. రోజూ ఆకుకూర తింటోంది, వైద్యులు రాసిన ఇనుము మాత్ర మూడు నెలలుగా మానకుండా వేసుకుంటోంది, అయినా హిమోగ్లోబిన్ కదలడం లేదు. ఎప్పుడు, దేనితో వేసుకుంటోందో అడిగాను. పొద్దున్నే టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటోంది. మొక్కల నుంచి వచ్చే ఇనుమునూ, మాత్రల్లోని ఇనుమునూ టీలోని పదార్థాలు పట్టేసుకుంటాయి, కాల్షియం కూడా అడ్డుపడుతుంది. టీని రెండు గంటలు దూరం జరిపించి, కాల్షియం రాత్రికి మార్పించి, ఇనుముతో పాటు సి విటమిన్ ఉన్న పండు తినమన్నాను. కొత్త మందేదీ లేకుండానే తరువాతి పరీక్షలో అంకె పెరిగింది. మాంసం, చేపల్లోని ఇనుముకు ఈ ఇబ్బంది చాలా తక్కువ. పట్టికలో “ఆకుకూరలో ఇన్ని మిల్లీగ్రాములు” అని రాసి ఉన్నది కంచంలోకి వచ్చే లెక్క. రక్తంలోకి చేరే లెక్క అందులో చిన్న భాగమే, అది ఆ పూట పక్కన ఏమి తిన్నారన్న దాన్ని బట్టి మారుతుంది.

నీటిని కూడా పోషకాల్లోనే చేర్చాలి. శరీర బరువులో సగానికి పైగా అదే, దాచుకోవడానికి చోటే లేదు. దాహం వేసినప్పుడు తాగితే ఆరోగ్యవంతులకు సరిపోతుంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కాబట్టి పెద్దవాళ్ళకు గుర్తు చేసి ఇవ్వాలి.

ఇప్పుడు మీరు అడిగిన మాత్ర సంగతి. మల్టీవిటమిన్‌లో శక్తి లేదు, ప్రొటీన్ లేదు, పీచు లేదు, తప్పనిసరి కొవ్వులు లేవు, ఎముకలకు చాలినంత కాల్షియం కూడా సాధారణంగా ఉండదు. అది ఆహారానికి బదులు కాలేదు. ఆహారంలో మేలు చేసేదాన్ని విడదీసి ఎక్కువగా మింగితే ఇంకా ఎక్కువ మేలు జరుగుతుందన్న నమ్మకం కూడా నిలబడలేదు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారి మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్లలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అంటే క్యారెట్ తినడం మానమని కాదు.

మాత్ర నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి, వాటి విషయంలో మొహమాటం పడకూడదు. బిడ్డను కనాలనుకునే స్త్రీ గర్భం దాల్చకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. ఎందుకంటే బిడ్డ వెన్నుపాము, మెదడుగా మారే నాళం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. గర్భం వచ్చిందని తెలిసేసరికే చాలాసార్లు ఆ గడువు దాటిపోతుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఎండ తగలనివారికి, పసిపిల్లలకు డి విటమిన్, పరీక్షలో లోటు తేలినవారికి ఇనుము, జంతు సంబంధమైన ఆహారం అస్సలు తీసుకోనివారికి బి12 కూడా ఇలాంటివే.

అమ్మగారి దగ్గరికి వచ్చాం. బి12ను తయారు చేయగలిగినవి సూక్ష్మజీవులు మాత్రమే. మనకు అది మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా చేరుతుంది. మొక్కల్లో నమ్మదగినంత ఉండదు. రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, కానీ గుడ్డు కూడా తినని మనిషికి పాలు, పెరుగే ఆధారం. అవి తక్కువగా తీసుకుంటుంటే లోటు పేరుకుంటూ పోతుంది. దానికి తోడు, ఆహారంలోని బి12ను విడదీయడానికి జీర్ణాశయంలో ఆమ్లం కావాలి, వయసుతో అది తగ్గుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఏళ్ళ తరబడి వాడే ఎసిడిటీ మాత్రలు కూడా బి12ను తగ్గిస్తాయి. కాలేయం నిల్వ ఏళ్ళపాటు ఆదుకుంటుంది కాబట్టి “ఎప్పటి నుంచో ఇదే తింటున్నాను, ఇప్పుడెందుకు వస్తుంది” అని అందరూ అంటారు. నిల్వ అడుగంటాక వచ్చే మొదటి కబుర్లలో పాదాల తిమ్మిర్లు ఒకటి.

అందుకే ఆమెకు ఇప్పుడే మల్టీవిటమిన్ మొదలుపెట్టకండి. అందులో ఉండే ఫోలిక్ ఆమ్లం మోతాదు ఎక్కువైతే రక్తహీనతను సరిచేసి, బి12 లోటును కప్పేయవచ్చు. రక్తం బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాస్త బి12 కూడా అందులో ఉంటుంది కాబట్టి పరీక్షలో అంకె పెరిగి, అసలు లోటు ఎంతో తెలియకుండా పోతుంది. ముందు వైద్యులకు చూపించి బి12, పూర్తి రక్తపరీక్ష చేయించండి. తిమ్మిర్లకు మధుమేహం, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, వాటినీ చూడమని అడగండి. బి12 లోటే అయితే వైద్యులు ఇంజక్షన్లో, పెద్ద మోతాదు మాత్రలో ఇస్తారు. త్వరగా మొదలుపెడితే నరాలు చాలావరకు కోలుకుంటాయి, ఆలస్యమైతే కొంత నష్టం అలాగే ఉండిపోతుంది. కాబట్టి వచ్చే నెల అనుకోకుండా ఈ వారమే తీసుకెళ్ళండి. ఫలితాలు వచ్చాక, ఆమె వాడుతున్న మందుల పేర్లు, రోజుకు తాగే పాలు, తినే పెరుగు ఎంతో కూడా రాయండి. ఆమె కంచంలో ఏమి మార్చాలో అప్పుడు వివరంగా చెబుతాను.